రోజుకు పది జీబీలు

కాగితాల మీద ఆమెకు ఒక పేరుంది. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, పిలిచినా ఆమెకు వినపడదు. పుట్టుకతోనే వినికిడి లేదు. ఐదేళ్ళప్పుడు అమ్మ కత్తెర దొరకబుచ్చుకుని నుదుటి మీది జుట్టంతా తనే కత్తిరించేసుకుంది. అప్పటి నుంచి వినపడనివాళ్ళ లోకంలో ఆమెను తలుచుకోవాలంటే రెండు వేళ్ళు నుదుటి దగ్గర పెట్టి కత్తెరలా ఆడిస్తారు. అదే ఆమె పేరు. పెద్దయ్యాక కుట్టుపనే నేర్చుకుంది కాబట్టి ఆ పేరు ఇంకా గట్టిగా అతుక్కుపోయింది. ఆ లోకంలో పేర్లన్నీ ఇంతే, మొహమాటం ఉండదు. పళ్ళు ఎత్తుగా ఉంటే పళ్ళు, నడక వంకరైతే వంకర. ఎవరూ ఏమీ అనుకోరు. చెల్లెలి పేరు సొట్టబుగ్గ, అంటే బుగ్గ మీద చూపుడు వేలితో ఒక్క పొడుపు. భర్త పేరు చెవి వెనక పెన్ను. మనం పెన్ను అనుకుందాం, చాలు.

ఆ ముగ్గురికీ వినపడదు. చేతులతో చెప్పుకున్నదాన్నే ఇక్కడ మాటలుగా రాస్తున్నాం, అంతే తేడా. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. ఎదుటి మనిషిని చూపించడానికి అందరూ వేలు చూపిస్తారు. కత్తెర మాత్రం భర్తకు ఎన్నడూ వేలు చూపించలేదు. అరచేయి విప్పి చూపించేది. మనం 'మీరు' అంటామే, అలా.

పెన్ను అచ్చాపీసులో కాగితం లెక్కలు చూస్తాడు. ఫలానా పుస్తకం ఇన్ని పేజీలు, ఇన్ని ప్రతులు అంటే ఎన్ని రీములు కావాలో, కోతలో ఎంత పోతుందో, మిషన్ ఎన్ని తావులు నలిపి పారేస్తుందో ముందే రాసిచ్చేస్తాడు. ఇరవై రెండేళ్ళలో అతని అంచనా గుప్పెడు కాగితాలకు మించి తప్పలేదు. యజమాని కూడా ఆ లెక్కను మళ్ళీ చూసుకోడు. అలాంటి మనిషికి ఇంట్లో ఎంత గర్వం ఉంటుందో వేరే చెప్పాలా? చక్కెర డబ్బా ఎన్నాళ్ళకు అడుగంటుతుందో కూడా చెప్పేవాడు, అన్నంత పనీ అయ్యేది. కత్తెర ముచ్చటపడేది కూడా. అంతా బాగున్నప్పుడు అలాంటి మొగుడు ముచ్చటగానే ఉంటాడు.

వాళ్ళది మేడ మీద రెండు గదుల వాటా. ముందు గదిలో గోడకు బిగించిన టీవీ, దాని కింద ఇంటర్నెట్ పెట్టె. రెండింటికీ ఒకటే ప్లగ్గు బోర్డు. లోపలి గదిలో కిటికీ పక్కన కుట్టు మిషన్. ఎవరైనా బెల్లు నొక్కితే రెండు గదుల్లోనూ పచ్చ బల్బు వెలిగి ఆరుతుంది. ఫోన్ సిగ్నల్ సంగతి అడగొద్దు. డాబా మెట్ల మీద నిలబడితే రెండు గీతలు, ఇంట్లోకొస్తే అవీ ఉండవు.

సొట్టబుగ్గ గర్భంతో ఉంది. రక్తపోటు ఎక్కువైందని ఆరో నెలలోనే వేరే ఊళ్ళోని పెద్దాసుపత్రిలో పడుకోబెట్టేశారు. ఆ వార్డులో తోడు మనిషిని ఉండనివ్వరు. మొగుడు లారీ తోలుతూ వారానికోసారి వచ్చి ఒక గంట కూర్చుని పోతాడు. డాక్టర్లకు సైగలు రావు, సొట్టబుగ్గకు చదువు రాదు. బధిరుల బడి దూరమని, ఇద్దరినీ పంపితే ఇల్లు బోసిపోతుందని, తల్లి చిన్నదాన్ని దగ్గరే ఉంచేసుకుంది. పెద్దది వెళ్ళి పదో తరగతి దాకా చదువుకుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా కత్తెరకు తనేదో చెల్లెలి కంచంలోది లాక్కుతిన్నట్టే ఉండేది.

అందుకని అక్కే ఒక పద్ధతి పెట్టింది. పగటి నర్సు చెప్పాల్సింది ఫోన్‌లో రాసి కత్తెరకు పంపుతుంది. కత్తెర వీడియో కాల్‌లో దాన్ని చెల్లెలికి సైగల్లో చెబుతుంది. చెల్లెలి జవాబును రాసి నర్సుకు పంపుతుంది. సూది ఎందుకు వేస్తున్నారు, ఉప్పు ఎందుకు తినొద్దు, రాత్రి ఎన్నిసార్లు లేచావు, అన్నీ ఇలాగే. రోజుకు రెండు గంటలు. ఆ రెండు గంటలే సొట్టబుగ్గకు నోరూ చెవీ. మిగతా ఇరవై రెండు గంటలు ఆమె చుట్టూ మనుషులు పెదాలు ఆడిస్తూ తిరుగుతుంటారు, అంతే.

చెల్లెలు ఆసుపత్రిలో చేరిన నెలలోనే గొడవ మొదలైంది. నెలకు రెండు వందల యాభై జీబీల కనెక్షన్ వాళ్ళది. అవి ఎన్నడూ అయిపోయింది లేదు. ఆ నెల పదిహేడో తారీకుకే అయిపోయాయి. కొసరుగా ముప్ఫై తెప్పిస్తే రెండు రోజుల్లో ఆవిరి. అయిపోయాక ఇంటర్నెట్ ఆగదు, నత్తనడక నడుస్తుంది. మెసేజ్‌లు, ఫొటోలు వస్తాయి. వీడియోలో మాత్రం చేతులు గళ్ళు గళ్ళుగా చెదిరిపోతాయి. వినగలిగేవాళ్ళకు బొమ్మ చెదిరినా మాట మిగులుతుంది. వీళ్ళకు బొమ్మ చెదిరితే మాటే పోతుంది.

పెన్ను నోటుపుస్తకం తీశాడు. వీడియో కాల్ గంటకు ఒక జీబీ, రెండు గంటలకు రెండు. తను పొద్దున చూసే అరగంట వార్తలు, సాయంత్రం గంట ఆట కలిపి ఇంకో రెండు. ఫోన్లూ అవీ ఇవీ ఒకటి. మొత్తం రోజుకు ఐదు, నెలకు నూట యాభై. మరి కంపెనీవాళ్ళ సైట్‌లో చూస్తే రోజుకు పదిహేను చూపిస్తోంది. పది జీబీలు ఎటు పోయాయి? కంపెనీకి రాశాడు. మీ ఇంట్లోనే వాడుతున్నారు, మా వైపు లోపం లేదు అని జవాబొచ్చింది.

పక్కింటివాళ్ళు దొంగిలిస్తున్నారేమోనని పాస్‌వర్డ్ మార్చాడు. ఫలితం లేదు. అప్పుడు అచ్చాపీసు పద్ధతిలోకి దిగాడు. అక్కడ కొత్త రకం కాగితం వస్తే ఒక్క రీము మిషన్ ఎక్కించి ఎంత వృథా అవుతుందో చూస్తారు. అలాగే ఒక సాయంత్రం టీవీ ఆపేసి, తన ఫోన్ మూసేసి, కత్తెరను సరిగ్గా గంటసేపు చెల్లెలితో మాట్లాడమన్నాడు. ముందూ వెనకా సైట్‌లో అంకె రాసుకున్నాడు. తేడా రెండుకు కాస్త తక్కువ వచ్చింది.

"చూశావా? గంటకు ఒకటి అని అందరూ రాస్తారుగానీ, మీ మాటలు గంటకు రెండు తింటున్నాయి."

"సైగలు కదా, చేతులు ఎక్కువ కదులుతాయి. అందుకేనేమో," అంది ఆమె, పాపం, నమ్మేసి.

అతను మాత్రం పుస్తకంలో ఇంకో లెక్క వేస్తున్నాడు. కాల్‌కు రెండు కాదు, నాలుగు. అయినా కనిపించనివి ఎనిమిది జీబీలు. గంటకు రెండు చొప్పున నాలుగు గంటలు. పొద్దున తను వెళ్ళాక సాయంత్రం వచ్చేదాకా ఇంట్లో ఉండేది ఒక్క మనిషి. ఆసుపత్రి గొడవ మొదలైన నాటి నుంచే డేటా గొడవ కూడా. అతని మొహం మాడిపోయింది.

"నాకు చెప్పేది రెండు గంటలు. మాట్లాడేది ఆరు. అవునా, కాదా?"

కత్తెర చేతిలోని బట్ట పక్కన పెట్టింది. "రెండే. ఒట్టు."

"అంకెలు అబద్ధమాడవు."

"నేను ఆడతానా?"

ఆమె కాల్స్ జాబితా తీసి చూపించింది. చెరిపేయొచ్చుగా అన్నాడు. పదకొండేళ్ళ కాపురం. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు మిగిలిన గుడ్డ ముక్క మర్చిపోతే పిలిచి ఇచ్చే మనిషి ఆమె. అలాంటి మనిషిని పట్టుకుని ఒక ముక్కలో దొంగను చేశాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. ఏడిస్తే ఒప్పుకున్నట్టవుతుందని మిషన్ ముందు కూర్చుని, అవసరం లేని చోట కూడా రెండో కుట్టు వేసింది.

ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే టీవీ అంచు చేతికి వెచ్చగా తగిలింది. తెర నల్లగానే ఉంది. పడమటి కిటికీ ఎండ పడుతోంది కదా అనుకుని తుడుచుకుంటూ పోయింది. ఆ క్షణంలో ఆమె చెయ్యి ఇంకొంచెం సేపు అక్కడే ఉండి ఉంటే ఈ కథే లేదు.

రెండో నెల ఒకటో తారీకున పెన్ను చట్టం చేశాడు. కాల్ రోజుకు అరగంట. అదీ సాయంత్రం, తను ఇంట్లో ఉన్నప్పుడు. బొమ్మ నాణ్యత తగ్గించి పెట్టాలి. అతను గడియారం చేతిలో పెట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. దుర్మార్గుడు కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మరదలి మీద ప్రేమ ఉంది. నెలాఖరు దాకా డేటా దాచకపోతే కాన్పు సమయానికి ఆమెకు దిక్కుండదని అతని భయం. తన లెక్క మీదున్న నమ్మకం పెళ్ళాం మీద లేకపోయింది, అంతే. అదేం చిన్న లోపమా?

నర్సు పగలు పంపిన ప్రశ్నలన్నీ సాయంత్రం దాకా ఆగేవి. అరగంటలో అక్కాచెల్లెళ్ళు వాటినే పరుగు పరుగున తేల్చుకునేవాళ్ళు. ఇక సొంత మాటలకు చోటెక్కడిది? "ఏమైందక్కా, నా మీద విసుగొచ్చిందా?" అని సొట్టబుగ్గ ఒకరోజు అడిగింది. కాదని చెబుతుండగానే అతను గడియారం చూపించాడు.

ఇంత చేసినా వాడకం పదిహేను నుంచి పదమూడున్నరకే దిగింది. గంటన్నర తగ్గిస్తే మూడు తగ్గాలి కదా అని పెన్ను అనుమానం ఇంకా పెరిగింది. పంతొమ్మిదో తారీకు సాయంత్రానికి మళ్ళీ అడుగంటింది.

ఆ సాయంత్రం కాల్ చివరి ఐదు నిమిషాల్లో సొట్టబుగ్గ ఏదో చెప్పింది. బొమ్మ గళ్ళు పడుతోంది. చెయ్యి పొట్ట మీదికి వెళ్ళడం కనిపించింది, తర్వాతది కనిపించలేదు. మళ్ళీ చెప్పమంది కత్తెర. మళ్ళీ చెప్పింది, మళ్ళీ చెదిరింది. పక్కన భర్త వేలితో గడియారం అద్దం మీద కొడుతున్నాడు. వినపడనివాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. బ్యాంకులో, బస్సులో, దుకాణంలో ఎదుటివాడు ఏమన్నాడో అందకపోతే, మూడోసారి అడగడానికి సిగ్గేసి, అర్థమైనట్టు తల ఊపేస్తారు. కత్తెర ఆ పని లోకంతో వెయ్యిసార్లు చేసింది. చెల్లెలితో ఎన్నడూ చేయలేదు. ఆ రోజు చేసింది. తల ఊపి, సరే, రేపు అంది.

మర్నాడు పొద్దున పదింటికి నర్సు నుంచి మెసేజ్ వచ్చింది. 'ఈమె ఏడుస్తోంది. ఏదో చెప్తోంది, మాకు అర్థం కావట్లేదు. నొప్పా అంటే కాదని చెయ్యి ఊపుతోంది. మీరు ఒకసారి మాట్లాడండి.'

కత్తెర చట్టం, గడియారం అన్నీ గాలికొదిలేసి కాల్ చేసింది. చెల్లెలి మొహం వచ్చింది, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. చేతులు పైకి లేచాయి, అలాగే ఆగిపోయాయి. బొమ్మ కదలదు. కట్ చేసి మళ్ళీ చేసింది. ఈసారి సగం మొహం, సగం బూడిదరంగు గళ్ళు. డాబా మెట్ల మీదికి పరుగెత్తింది. రెండు గీతలు. చేతులు లేచాయి, ఆగాయి. గాల్లో ఆగిపోయిన ఆ రెండు చేతులను చూస్తూ ఆమె మెట్ల మీదే కూలబడింది. నిన్న సాయంత్రం తల ఊపింది అప్పుడు గుర్తొచ్చింది. ఏం చెప్పింది? దేనికి నేను సరే అన్నాను?

ఇంటర్నెట్ పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ వేద్దామని కిందికి దిగింది. గుమ్మం ముందు కింది వాటా ఆవిడ బెల్లు నొక్కుతూ నిలబడి ఉంది. ముప్ఫై ఐదేళ్ళ మనిషి, చేతిలో మడత పెట్టిన కాగితం. కనపడగానే ఇబ్బందిగా నవ్వి కాగితం అందించింది. అందులో ఇలా ఉంది:

'ఏమీ అనుకోకండి. మీ టీవీలో పాటలు కాస్త తగ్గించగలరా? మా అత్తగారికి ఒంట్లో బాగాలేదు, పగలు కాసేపు పడుకోవాలి. నెలన్నరగా పొద్దుటి నుంచి రాత్రి పది దాకా వస్తున్నాయి. అడగాలంటే మొహమాటమేసి ఊరుకున్నాం.'

కత్తెర కాగితం రెండుసార్లు చదివింది. మా ఇంట్లో పాటలేంటి అన్నట్టు చూసింది. ఆవిడ గడప లోపలికి వేలు చూపించింది. నల్లటి తెర వైపు. కత్తెర వెళ్ళి టీవీ వీపుకు అరచేయి ఆనించింది.

వణుకుతోంది. ఆగి ఆగి, ఒక వరసలో, డప్పు మీద చెయ్యి పెట్టినట్టు వణుకుతోంది.

నెలన్నర కింద రిమోట్ మీద టీవీని ఆపే ఎర్ర మీట లోపలికి పోయింది. మీట పోతేనేం, నేను దారి కనిపెట్టాను అన్నాడు పెన్ను. టీవీలోని సెట్టింగుల వరసలు వెతికి ఒకటి నొక్కితే తెర నల్లబడింది. ఆరిపోయిందనుకున్నాడు. వినపడేవాడైతే ఆ క్షణంలోనే తెలిసేది, ఆరింది బొమ్మ మాత్రమేనని. అతను వార్తలు మూసేశాక ఆ టీవీ ఊరుకోదు. ఒక పాటల ఛానల్ దానంతటదే పెట్టుకుంటుంది. రాత్రి పదింటికి నిప్పు భయంతో అతను బోర్డు ఆపేదాకా ఆ చీకటి తెర వెనక ఎవరెవరో పాడుతూనే ఉన్నారు. పొద్దున బోర్డు వేస్తే మళ్ళీ మొదలు. అతను అంత జాగ్రత్తగా చేసిన గంట పరీక్షలో కూడా పాడుతూనే ఉన్నారు. రోజుకు పన్నెండు గంటలు. పది జీబీలు.

కత్తెరకు ఇదంతా ఒక్కసారే తెలిసింది. కానీ ఆలోచించే తీరిక లేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఫోన్ చూపించింది. ఆగిపోయిన బొమ్మ, నర్సు మెసేజ్. ఆవిడ చదివి ఆమెను కిందికి లాక్కుపోయింది. తన వైఫై పాస్‌వర్డ్ తనే కొట్టి ఇచ్చింది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని వింతగా చూస్తోంది.

బొమ్మ తేటగా వచ్చింది. సొట్టబుగ్గ చేతులు కదిలాయి.

"బిడ్డ కదలడం లేదక్కా. నిన్న మధ్యాహ్నం నుంచి. రాత్రంతా చెయ్యి వేసుకుని చూశా. నిన్న నీకు చెప్పాగా, సరే అన్నావుగా? నువ్వు వాళ్ళకు చెప్పావనుకున్నా. డాక్టరు వస్తాడని చూస్తూ కూర్చున్నా."

కత్తెర వెంటనే నర్సుకు రాసింది. 'నిన్న మధ్యాహ్నం నుంచి బిడ్డ కదలడం లేదట.' అర నిమిషంలో తెర మీద తెల్లకోట్లు గుమిగూడాయి. ఎవరో మంచం తోశారు. చెల్లెలి ఫోన్ దిండు మీద వెల్లకిలా పడిపోయింది. ఆ తర్వాత కనిపించింది తిరుగుతున్న ఫ్యాన్ ఒకటే. గంటన్నర సేపు కత్తెర ఆ ఫ్యాన్‌ను చూస్తూ కూర్చుంది. కింది వాటా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళే. మొదటి రోజే వచ్చి చెప్పుంటే బాగుండేదని కాగితం మీద రాసి, చూపించలేక నలిపేసింది.

పన్నెండున్నరకు మెసేజ్ వచ్చింది. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కిలోన్నర. ఊపిరి తీసుకోలేకపోతోంది, అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లి బాగానే ఉంది. బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేం. నిన్నే తెలిసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు.

చివరి మాట నర్సు ఎందుకు రాసిందో గానీ, రాసేసింది.

సాయంత్రం పెన్ను వచ్చేసరికి కత్తెర ముందు గదిలో నేల మీద కూర్చుని ఉంది. టీవీని అలాగే ఉంచింది. లేచి అతని చెయ్యి పట్టుకుని టీవీ వీపుకు ఆనించింది. అతను మొదట ఏమీ అర్థంకాక చూశాడు. తర్వాత అతని మొహంలోంచి రక్తం దిగిపోవడం ఆమెకు కనిపించింది. మిషన్ల మీద చెయ్యి పెట్టి ఏ పళ్ళచక్రం అరిగిందో చెప్పగల మనిషి. అతనికి వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆమె అరచేయి విప్పలేదు. చూపుడు వేలే చూపించింది.

"ఇదీ నీ పది. రోజంతా మాట్లాడింది నేను కాదు, నీ టీవీ."

ఆ రోజు జరిగిందంతా చెప్పింది. అతను గోడకు జారగిలబడి కూర్చుని తల పట్టుకున్నాడు. తల మీంచి చేతులు దించి చెప్పాడు. "తప్పు నాది. ఇకనుంచి ఎంతసేపైనా మాట్లాడుకో. రేపటి నుంచి నేను అడగను."

"నాకు రేపు వద్దు. నిన్న కావాలి. ఇవ్వగలవా?"

అతను నోటుపుస్తకం తీశాడు, అలవాటు కొద్దీ. ఏం రాయాలో తెలియక మూసేశాడు. ఆ సాయంత్రమే పాత రిమోట్ పారేసి కొత్తది తెచ్చాడు, కింది వాటాకు వెళ్ళి చేతులు జోడించి వచ్చాడు. ఆమె అతన్ని తిట్టలేదు. తిడితే సగం తిట్టు తనకే తగులుతుంది. గడియారం పట్టుకుంది అతనే. కానీ తల ఊపింది తను. ఈ మాట ఆమె భర్తకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

పాప ఇరవై నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. మూడుసార్లు పోయినంత పనైంది. చివరికి నిలదొక్కుకుంది. ఎడం చెయ్యి కాస్త బిగుసుకుపోయినట్టుంది, పెరిగితేగానీ ఏ సంగతీ తెలియదు అన్నారు డాక్టర్లు. చేతులతో మాట్లాడే ఇంట్లో చెయ్యి అంటే ఏమిటో ఆ డాక్టర్లకు తెలుసో తెలియదో.

ఇంటికి చేరాక సొట్టబుగ్గ మొదటి కాల్ చేసింది. ఒకటో తారీకు, డేటా నిండుగా ఉంది, బొమ్మ అద్దంలా ఉంది. పెన్ను తనంతట తనే లోపలి గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని, చెయ్యి ఖాళీ లేక ఒంటి చేత్తోనే సొట్టబుగ్గ గబగబా చెప్పుకుపోతోంది. పాలు ఎన్నిసార్లు తాగింది, ఎలా నిద్రపోతోంది, ఏ చెయ్యి ఎంత కదిలిస్తోంది. కత్తెర కళ్ళార్పకుండా చూస్తూ, సంతోషంతో తల ఊపింది.

సొట్టబుగ్గ చెయ్యి ఆగింది. ఈసారి బొమ్మ ఆగి కాదు. ఆమే ఆపింది.

"తల ఊపకక్కా," అంది. "నేనేం చెప్పానో తిరిగి చెప్పు."

కత్తెర రెండు చేతులూ పైకెత్తి, పాలు ఎన్నిసార్లు తాగిందన్న దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే తిరిగి చెప్పింది.